చెత్త బండి ఎక్కడికి పోతది?

నార్కట్‌పల్లి–అద్దంకి రోడ్డు మీద నల్గొండ దాటి మిర్యాలగూడకు పోతుంటే మాడుగులపల్లి తగులుతుంది. బస్సుల్లో తిరిగేవాళ్లకు టోల్‌ప్లాజా గుర్తు. 2016 అక్టోబరులో జిల్లాలను విడగొట్టినప్పుడు ఇది మండలమైంది. చుట్టూ వరి. రోడ్డు వెంట మాత్రం అక్కడక్కడా హద్దురాళ్లు పాతిన ప్లాట్లు. పొలం ప్లాటయిన చోట ముందు కరెంటు స్తంభం వస్తుంది, ఆ వెనకే చెత్త వస్తుంది. చెత్త బండి ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు.

ఈ సంవాదంలోని ఇద్దరూ నా కల్పితాలే. వాదనలు మాత్రం కోదాడ నుంచి మిర్యాలగూడ దాకా ఏ కాలనీ మీటింగులోనైనా లేచేవే. వదినది మాడుగులపల్లి. మహిళా సంఘం లీడరు, రోడ్డు పక్కన టిఫిన్ సెంటరు నడుపుతుంది. మరిదికి మిర్యాలగూడలో మెడికల్ షాపు. ఇల్లు పట్నం అవతల, వేరే పంచాయతీ కిందికి వచ్చే ఒక వెంచర్‌లో. ఆ వెంచర్ కమిటీ లెక్కలు రాసేది అతనే. పొద్దున గిరాకీ తగ్గి, వదిన చేతులు కడుక్కొని కూర్చున్నాక మాట మొదలైంది.

మరిది: వదినా, చాయ్ తర్వాత తాగుత గానీ ముందు ఈ కాగితం చూడు. మా వెంచర్‌కు చెత్త ఏజెన్సీ వచ్చింది. ఇంటికి నెలకు 100 రూపాయలు. రోజూ పొద్దున ఏడు గంటలకు ఆటో గేటు ముందుకొస్తది. ఆదివారం మీటింగు. సంతకాలు పెట్టుడే మిగిలింది.

వదిన: అంత తొందరేంది? మీకు పంచాయతీ ట్రాక్టర్ లేదా?

మరిది: ఉంది, పేరుకు. వారానికి రెండు మార్లు వస్తదంటరు. వస్తే మెయిన్ గేటు కాడ ఆగి హారన్ కొట్టి పోతది. లోపలి గల్లీలకు రాదు. పోయినేడు ఒకపారి రెండు వారాలు ముఖమే చూపియ్యలే. అడిగితే డీజిల్ లేదన్నరు.

వదిన: డీజిల్ ఎందుకు లేదో అడిగినవా?

మరిది: అడగనవసరం లేదు, అందరికీ తెలిసిందే. 2024 జనవరి ఆఖరుకు సర్పంచుల గడువు అయిపోయింది. మళ్ల ఎన్నికలు 2025 డిసెంబరుల గానీ కాలే. గెలిచిన పాలకవర్గం లేదని కేంద్రం ఆర్థిక సంఘం పైసలు ఆపింది. సెక్రటరీలు సొంత జేబుల నుంచి డీజిల్ కొట్టిచ్చిన ఊళ్లున్నయ్. వాళ్లను నేను తప్పు పడ్తలేను. కానీ నా ఇంట్ల పాచిపోయిన కూర ఎన్నికల దాకా ఆగుతదా?

వదిన: ఆగదు. ఇప్పుడు ఓట్లేసినం కదా. కొత్త సర్పంచును అడగకముందే ఏజెన్సీని పిలిచిన్రా?

మరిది: అడిగినం. చూద్దాం అన్నడు.

వదిన: ఎన్నిసార్లు అడిగిన్రు?

మరిది: ఒకసారి.

వదిన: ఇంటి పన్ను ఒకసారి అడిగితేనే కడ్తవా నువ్వు? విను. 2019 సెప్టెంబరు 6న పల్లె ప్రగతి మొదలైనప్పుడు నేను సంఘం తరఫున గ్రామసభల కూర్చున్న. పంచాయతీకి ఒక ట్రాక్టర్, ట్రాలీ, ట్యాంకర్ అన్నరు. తడి పొడి వేరు చేసే షెడ్డు అన్నరు, డంపింగ్ యార్డు అన్నరు, వైకుంఠధామం అన్నరు. శానా పంచాయతీలు ఆ ట్రాక్టర్లకు కిస్తీలు కట్టుకున్నయ్. అవి మన పైసలే. కిస్తీ కట్టిన బండిని షెడ్డుల పెట్టి, నెలకు వంద ఇచ్చి ఇంకో బండిని పిలుసుకుంటరా? సర్కారు బడి సంగతి చూసినవ్ కదా. నోరున్నోళ్లు, పలుకుబడి ఉన్నోళ్లు పిల్లల్ని ప్రైవేటుకు తీస్కపోయినంక బడిల ఫ్యాన్ తిరగకున్నా అడిగేటోడు లేకపోయిండు. మీ వెంచరోళ్లు ఏజెన్సీ పెట్టుకుంటే రేపు ట్రాక్టర్ ఎస్సీ కాలనీకి రాకపోయినా మీకు తెల్వనే తెల్వదు.

మరిది: మంచిగ చెప్పినవ్. కానీ దానికి నేను ముక్కు మూసుకొని ఉండాల్నా? సర్కారు బాగుపడేదాకా నా పిల్లలు దోమల్ల పండాల్నా? ఇది ఉద్యమం కాదు వదినా, చెత్త. పొద్దున పోవాలె, అంతే.

(ఇక్కడ మరిదితోనే ఉన్నాను. పంచాయతీని నిలబెట్టే బరువంతా చెత్త బుట్ట పట్టుకుని గేటు దగ్గర నిలబడ్డ మనిషి మీద వేయడం న్యాయం కాదు. వదిన తర్వాత అడిగిన ప్రశ్నలు వేరే రకం.)

వదిన: సరే, పిలువు. ఎన్ని ఇళ్లు మీయి?

మరిది: నిండినయ్ 120.

వదిన: అంటే నెలకు 12,000. మా ఊళ్ల సఫాయి పని చేసే మల్టీపర్పస్ వర్కర్‌కు 2023 నుంచి 9,500 జీతం. అది చాలదనే కదా ఆ ఏడు జులైల రాష్ట్రమంతా సమ్మె చేసిన్రు. మీ ఏజెన్సీకి డ్రైవర్ ఒకడు, చెత్త అందుకునేటోడు ఒకడు. 9,500 చొప్పున ఇచ్చినా 19,000 అయితది. డీజిల్, ఆటో కిస్తీ, టైర్లు నేను కలపలేదు. 12,000 తీసుకొని నష్టానికి ఎవడన్న బండి నడుపుతడా?

మరిది: మా ఒక్క వెంచరే కాదు. ఇంకో నాలుగైదు వెంచర్లున్నయ్, రెండు ఫంక్షన్ హాళ్లున్నయ్. అన్నీ కలిపితే గిట్టుబాటు.

వదిన: మంచిది. అయిదు వెంచర్లు, ఫంక్షన్ హాళ్లు, ఒకటే ఆటో. మూడో వెంచర్ కాడికే ఆటో నిండుతది. నిండినంక ఎక్కడ దించుతడు?

మరిది: ...వాళ్ల సొంత జాగ ఉందంట.

వదిన: చూసినవా?

మరిది: లేదు.

వదిన: చెత్త దించనీకి తూకం మీద పైసలు తీసుకునే జాగలున్నయ్, ఊరికే దించుకునే జాగలున్నయ్. ఊరికే దించుకునేటివి ఏంటియో నీకు తెల్వదా? సాగర్ కాల్వ కట్టలు, చెరువు అలుగులు, పాత క్వారీ గుంతలు. పొద్దు గూకినంక బండి పోతది, ట్రాలీ లేస్తది, పని అయిపోతది. మీ వంద రూపాయలు పోయేది ఆ డీజిల్‌కే. మీ గేటు ముందున్నదాన్ని ఇంకొకని బోరు పక్కన పెట్టి రానీకి.

మరిది: మరి మీ పంచాయతీ ట్రాక్టరో? అది కాశీకి తీస్కపోయి గంగల కలుపుతదా?

వదిన: అదే చూపిస్త, రా.

షెడ్డు దాకా నడిచారు. రేకుల కప్పు, ఇటుక గోడలతో కట్టిన గదులు. లోపల ఒక గోనె సంచి విప్పి వదిన కింద పోసింది. చూడవలసిన దృశ్యం ఇదే గనుక కొంచెం ఆగుతాను. అట్టపెట్టెలు ఒక పక్కకు: అమ్ముడుపోతాయి. బీరు సీసాలు: పోతాయి. నీళ్ల సీసాలు: పోతాయి, మూత తీసి నలిపితే సంచిలో ఎక్కువ పడతాయి. పాల కవర్లు: కడిగి ఆరబెట్టినవి పోతాయి, పులిసిన పాలు అంటినవాటిని పాత సామాన్ల దుకాణదారు ముట్టడు. ఆ తర్వాత మిగిలిందే అసలు కుప్ప. చిప్స్ ప్యాకెట్లు, శాంపూ సాచెట్లు, గుట్కా పొట్లాలు. ప్లాస్టిక్ పొరకు అల్యూమినియం పొర అంటించి చేసినవి గనుక రెంటినీ విడదీయడం ఎవరికీ గిట్టుబాటు కాదు. థర్మాకోల్ ప్లేట్లు. డైపర్లు. పురుగుమందు డబ్బాలు రెండు, ఒకదాని అడుగున ఇంకా మందు ఉంది. అన్నింటికీ కింద అన్నం, టమాట తొక్కలు అంటుకుని ముద్దయిన ఒక కవరు. అందులోంచి సన్నని సూది ఒకటి బయటికొచ్చింది.

వదిన: ఇది షుగరోళ్లు పొడుచుకునే సూది. మీ షాపుల అమ్మేదే. ఈ సంచి విప్పే ఆమెకు చేతుల గ్లౌజులు కూడా ఉండవు.

మరిది: నేను అమ్మినప్పుడు ఎట్ల పారేయాలో ఎవరూ అడగరు, నేను చెప్పను. అది నా తప్పే అనుకో. ఇక ముందు సూదుల డబ్బా కొన్నోళ్లకు ఒక ఖాళీ ప్లాస్టిక్ డబ్బా ఇస్త, నిండినంక తెచ్చి నాకే ఇయ్యమంట. కానీ వదినా, నువ్వు చూపిచ్చింది నా మాటకే బలం. ఇక్కడ మీ ట్రాక్టర్ తెచ్చింది కూడా కలగలిపిన చెత్తే. అమ్ముడుపోనిది ఏం చేస్తున్నరు? నిజం చెప్పు.

వదిన: (కొంచెం ఆగి) కొన్ని ఊళ్లల్ల అంటువెడ్తున్నరు.

మరిది: అంటువెడితే ఏమయితదో తెల్సా? పీవీసీ లాంటి ప్లాస్టిక్ బహిరంగంగ కాలిస్తే డయాక్సిన్లు లేస్తయ్. అవి పచ్చి గడ్డి మీద పడ్తయ్, గడ్డి బర్రె తింటది, పాలల్లకు వస్తది. చెత్త బయట కాలిస్తే 5,000, పెద్ద ఎత్తున కాలిస్తే 25,000 జరిమానా అని హరిత ట్రిబ్యునల్ 2016 డిసెంబరులనే చెప్పింది. మరి ఏజెన్సీకి, పంచాయతీకి తేడా ఏంది? వాళ్లు క్వారీల పోస్తరు, మీరు కాలుస్తరు.

వదిన: తేడా ఉంది. నేను పోయి సర్పంచును గ్రామసభల నిలదీయొచ్చు. నీ ఏజెన్సోణ్ని ఎక్కడ నిలదీస్తవ్? ఫోన్ ఎత్తకపోతే అయిపాయె. కానీ నువ్వన్న దాంట్ల ఒకటి నిజం. బండి ఎవరిదన్నది తర్వాత. బండ్ల పడే ముందు మన వంటింట్ల ఏమైందన్నది ముందు. మీ ఇంట్ల తడిది పొడిది వేరు చేసేది ఎవరు?

మరిది: మా ఆమె చేస్తది. చేసేది. రెండు బకెట్లు పెట్టింది. ట్రాక్టరోళ్లు రెండూ ఒక్క ట్రాలీలనే కుమ్మరిస్తుంటే చూసి మానేసింది.

వదిన: చూసినవా. ఆ ఒక్కసారి కుమ్మరిచ్చుడుతోని 120 ఇళ్ల ఆడోళ్ల పని బూడిదల పోసినట్టయింది. నీ కాగితం మీద ఆటోకు రెండు అరలున్నయని రాసుందా?

మరిది: (కాగితం చూసి) రోజువారీ సేకరణ, నవ్వుతూ సేవ, వాట్సాప్ గ్రూపు. అరల మాట లేదు.

వదిన: నవ్వుడు ఉంది.

మరిది: ఎగతాళి చెయ్యకు. ఎక్కడన్న పంచాయతీ గానీ మున్సిపాలిటీ గానీ సక్కగ చేసిందా, ఒక్కటి చూపియ్యి.

వదిన: పుణెకు, కేరళకు పోయే ముందు సూర్యాపేటకు పోదాం. పక్కనే ఉంది. అప్పట్ల అది మన నల్గొండ జిల్లల్నే ఉండె. 2003 తర్వాత అక్కడ ఖాదర్ సాహెబ్ అని మున్సిపల్ కమిషనర్ ఉండె. లక్ష మంది జనం ఉన్న ఊరు. గల్లీ మూలల చెత్తకుండీలు తీసేయించిండు. కుండీ ఉంటేనే కుప్ప పడ్తదని ఆయన లెక్క. ఇంటింటికీ బండి పంపి తడిది వేరే, పొడిది వేరే తీసుకున్నరు. పొడిది ఏరి అమ్మిన్రు, తడిదాంతోని వానపాముల ఎరువు చేసిన్రు. హోటళ్లోళ్లను, వ్యాపారుల సంఘాలను కూర్చోబెట్టి మాట్లాడిండు. 1996ల సుప్రీంకోర్టుల చెత్త మీద కేసు వేసి, 2000 నాటి నిబంధనలు రానీకి కారణమైన అల్మిత్రా పటేల్ సూర్యాపేట గురించి దేశమంతా చెప్పింది. నా చిన్నప్పుడు సూర్యాపేట అంటే బస్టాండ్ల దిగి చాయ్ తాగి హైదరాబాద్ పోయే ఊరే. ఆ ఊరికి చెత్త చూడనీకి వేరే రాష్ట్రాల నుంచి ఆఫీసర్లు వచ్చిన్రంటే మాటనా?

మరిది: ఒక్క మనిషి మీద నడిచిన కథ అది. ఆయన బదిలీ అయితే?

వదిన: ఆయనతోని ఆ పని కూడా పోయింది, ఇంకో ఊరికి. 2012 అక్టోబరుల వరంగల్‌ల వారం దినాలు క్లీన్ సిటీస్ పోటీ పెట్టినప్పుడు వేరే పట్నాల సిబ్బంది వచ్చి గల్లీ గల్లీ తిరిగి ఇంటోళ్లకు తడి పొడి నేర్పిన్రు. అండ్ల ఆయన చెయ్యి ఉంది. కానీ నువ్వడిగింది సరైన ప్రశ్నే. మంచి కమిషనర్ ఉన్నన్ని దినాలే మంచిగ నడిస్తే అది ఏర్పాటు కాదు, అదృష్టం.

మరిది: అదే నేనంటున్న. ఏజెన్సీ అయితే పైసలు కట్టినన్ని దినాలు వస్తది. ఎవరు బదిలీ అయినా వస్తది.

వదిన: పైసల మాట తీసినవ్ కాబట్టి అడుగుత. మీ అత్తగారిది జగ్గయ్యపేట కదా. చెత్త పన్ను అనుభవం వాళ్లది వినలేదా?

మరిది: వినకేం. మా మామ మూడేళ్లు దాని మీద తిట్టని దినం లేదు. 2021 అక్టోబరు 2న ఆంధ్రల క్లాప్ అని చెత్త పథకం పెట్టి, పట్నాలల్ల ఇంటికి నెలకు 120 రూపాయల దాకా చెత్తకు వేసిన్రు. 2024ల సర్కారు మారింది. అదే అక్టోబరు 2న బందరుల చంద్రబాబు దాన్ని తీసేస్తున్నమన్నడు. పన్ను పోయింది. కానీ నేను చెప్పేది వేరే. మా మామకు కోపం 120 మీద కాదు. బండి వచ్చినా రాకున్నా, చెత్త ఇచ్చినా ఇయ్యకున్నా కట్టాలె అన్న దాని మీద. నా ఏజెన్సీకి అట్ల కాదు. వస్తే ఇస్త, రాకపోతే ఇయ్య.

వదిన: అది మంచి మాట. పన్నుకు, కూలికి తేడా అదే. కానీ పన్ను పోయినంక కూడా బండ్లు తిరిగినయ్ కదా, ఆ ఖర్చు ఎక్కడికి పోలే. మున్సిపాలిటీ నెత్తి మీదికి పోయింది. చెత్తకు ఎవరో ఒకరు కట్టాలె. ఊర్కెనే పోతదనుకునేటోళ్లకు ఏ బండి అయినా ఒకటే.

మరిది: సర్కారు ఇయ్యలేదా? స్వచ్ఛ భారత్ కింద పైసలు వస్తయని నువ్వే సంఘం మీటింగుల చెప్పినవ్.

వదిన: వచ్చేది కట్టనీకి. స్వచ్ఛ భారత్ రెండో దశల 5,000 లోపు జనం ఉన్న ఊరికి ఘన వ్యర్థాలకు మనిషికి 60 రూపాయలు. 3,000 మంది ఉన్న ఊరనుకో, 1,80,000. అండ్ల 30 శాతం పంచాయతీ ఆర్థిక సంఘం నిధుల నుంచి పెట్టుకోవాలె. అది ఒక్కసారికి. దాంతోని షెడ్డు లేస్తది, గుంతలు తవ్వుతరు. నెల నెలా షెడ్డుల కూర్చొని ఏరేటామెకు జీతం దాంట్ల లేదు. నువ్వు ఏ ఊరికన్న పో, షెడ్డుంటది, ఏరే మనిషుండదు. ఉన్నా ఆమెనే మోరీలు తియ్యాలె, చెట్లకు నీళ్లు పొయ్యాలె, కరోనాల బ్లీచింగ్ చల్లింది కూడా ఆమెనే.

(వదిన పంచాయతీ పక్షమే అయినా పంచాయతీ లోపాన్ని ఇంత సూటిగా చెప్పడం నాకు నచ్చింది. ఊళ్లలో చెత్త షెడ్డుల మీద రాసే వార్తలు ఎక్కువగా తాళం కప్పల ఫొటోలతోనే ఆగిపోతాయి. లోపల ఏరే మనిషికి కూలి ఏ పద్దు కింద రాయాలన్నది ఎవరూ అడగరు.)

మరిది: మరి కేరళ అన్నవ్. అక్కడ ఎవరు కడ్తున్నరు?

వదిన: ఇంటోళ్లే. హరిత కర్మ సేన అని, మన సంఘాల లెక్క కుటుంబశ్రీ ఆడోళ్లు. పంచాయతీలల్ల ఇంటికి నెలకు 50 రూపాయలు. కానీ వాళ్లు అన్నం కూరలు ముట్టరు. తడిది ఇంట్లనే ఎరువు చేసుకోవాలె. కడిగి ఆరబెట్టిన ప్లాస్టిక్ మాత్రమే నెలకోసారి వచ్చి తీసుకపోతరు. పుణెలయితే చెత్త ఏరుకునేటోళ్లే సంఘం కట్టి, తర్వాత స్వచ్ఛ్ అని సహకార సంఘమై, కార్పొరేషన్‌తోని ఒప్పందం చేసుకొని ఇంటింటికీ పోతున్నరు. ఇంటోళ్లిచ్చే రుసుం పోయేది వాళ్లకే. నువ్వు 12,000 ఆటో ఏజెన్సీకి ఇచ్చే బదులు మీ పంచాయతీలో ఇద్దరు ఆడోళ్లకు ఇయ్యి, ట్రాక్టర్ వారానికి రెండుసార్లే రానియ్యి.

మరిది: తడిది ఇంట్లనే అంటవ్. నీకు బర్రెలున్నయ్, పెంటకుప్ప ఉంది, ఏదేసినా అయిపోతది. మాది 200 గజాల ప్లాటు. ఇల్లు కట్టినంక మిగిలింది కారుకు చాలదు. నేను పెంటకుప్ప పెడితే పక్కింటి సారు పోలీసోళ్లను పిలుస్తడు.

వదిన: పెంటకుప్ప ఎవరు పెట్టమన్నరు? అడుగున, పక్కలకు బెజ్జాలు పెట్టిన పాత డ్రమ్ము ఒకటి చాలు. కూరగాయల తొక్కలు ఒక పొర, ఎండుటాకులో కొబ్బరి పొట్టో ఒక పొర. వాసన వచ్చిందంటే తడి ఎక్కువైనట్టు, ఎండుది ఇంకొంచెం వెయ్యాలె. రెండు నెలలకు మట్టి లెక్క అయితది. అది కూడా కాదంటవా, మీ లే అవుట్ల పార్కుకని వదిలిన జాగ ఉంది కదా, పిచ్చి తుమ్మ మొలిచి. ఆ మూలకు నాలుగు గుంతలు తియ్యిండ్రి, 120 ఇళ్లకు.

మరిది: సగం మంది కిరాయికుండేటోళ్లు. ఎవరు చేస్తరు వదినా? చెప్పుడు అల్కగ ఉంటది. మీటింగుల ఈ మాట అంటే మొదటి పది నిమిషాలు చప్పట్లు కొడ్తరు. డ్రమ్ము ఎవరు కొనాలన్న కాడ లేచి పోతరు.

వదిన: అందరూ చెయ్యకపోతే 40 ఇళ్లు చెయ్యిండ్రి. 40 ఇళ్ల తడిది తగ్గితే ఆటో బరువు ఎంత తగ్గుతదో చూడు. ఇంటి చెత్తల సగానికి పైన తడిదే.

మరిది: సరే, తడిది అట్ల అనుకో. మరి ఆ చిప్స్ ప్యాకెట్లు? కేరళల ఎక్కడికో పోతయ్. ఇక్కడ ఎక్కడికి పోతయ్?

వదిన: ఇక్కడ మనకున్నంత సౌలత్ కేరళోళ్లకు లేదు. వాడపల్లి, మఠంపల్లి, మేళ్లచెరువు. గంటన్నర దూరంల ఎన్ని సిమెంటు ఫ్యాక్టరీలున్నయ్! ఆ బట్టీల వేడి 1,400 డిగ్రీలు దాటుతది. బొగ్గు బదులు కొంత ఎండు ప్లాస్టిక్ వెయ్యొచ్చు, మిగిలే బూడిద కూడా సిమెంటుల కలిసిపోతది. చెత్త నుంచి ఇంధనం చేసే ప్లాంటుకు 100 కిలోమీటర్ల లోపున్న ఫ్యాక్టరీలు తమ ఇంధనంల 5 శాతమన్న దాన్ని వాడాలని 2016 నిబంధనల్నే పెట్టిన్రు. స్వచ్ఛ భారత్ కింద మండలానికో ప్లాస్టిక్ యూనిట్‌కు 16 లక్షల దాకా ఇస్తమన్నరు. అక్కడ నొక్కి మూటలు కట్టి లారీకెత్తాలె. కానీ వాళ్లు కూరతోని ముద్దయింది తీసుకోరు. మళ్ల వచ్చి మీ ఆమె రెండు బకెట్ల కాడనే ఆగింది కథ.

మరిది: నువ్వు ఎటు తిప్పినా మా ఆమె మీదికే తెస్తున్నవ్.

వదిన: నీ మీదికి కూడా తెస్త. ఒక బకెట్ నువ్వు పట్టు.

మరిది: సరే. నా తరఫున ఆఖరి మాట చెప్తా విను. పంచాయతీతోని అయ్యేదాకా నేను ఆగను. ఏజెన్సీ వస్తది. కానీ ఏడాదికి సంతకం పెట్టం, మూడు నెలలకు పెడ్తం. ఆటోకు రెండు అరలు ఉండాలె. కలిపి కుమ్మరిస్తే ఆ నెల పైసలు బంద్. ఫంక్షన్ హాళ్ల చెత్త మా ఆటోల వెయ్యొద్దు, వాళ్లకు వేరే బండి పెట్టుకోవాలె, వాళ్లదే ఎక్కువ. డ్రైవర్‌కు, హెల్పర్‌కు గ్లౌజులు, బూట్లు ఇచ్చినట్టు మాకు చూపియ్యాలె. ఇదంతా కాగితం మీద.

వదిన: పంచాయతీకి?

మరిది: పంచాయతీకి అర్జీ పెడ్తం, లోపలి గల్లీలకు ట్రాక్టర్ రావాలని. గ్రామసభకు నేనే పోత. పంచాయతీ బండి సక్కగ రాబట్టినంక ఏజెన్సీని ఆపేస్తం.

వదిన: అట్ల ఆపిన వెంచర్ నేను ఒక్కటి చూడలే. అలవాటైనంక ఆపరు.

మరిది: అది నీ అనుమానం.

వదిన: ఉండనీయ్. కానీ అన్నీ రాస్తున్నవ్ గానీ మొదటి ప్రశ్న రాయలే. ఎక్కడ దించుతడు?

మరిది: రాయిస్త.

వదిన: రాయించుడు కాదు. ఒకదినం పొద్దున షాపు ఆలస్యంగ తియ్యి. బండి వెనక బైకేసుకొని పో.

ఇద్దరిలో ఎవరు గెలిచారని అడిగితే నా తీర్పు మరిది ఒప్పందానికే, అయితే వదిన షరతుతో. ఏజెన్సీని పెట్టుకోవడం తప్పేమీ కాదు. పంచాయతీ చేతకానితనం ఉన్నంతకాలం జనం వేరే దారి వెతుక్కుంటారు. కానీ తడి పొడి కలిపి తీసుకుపోయే ఏ బండికైనా, అది పంచాయతీదైనా ప్రైవేటుదైనా, కాల్వ గట్టో నిప్పో తప్ప మూడో దారి లేదు. మీ కాలనీలో కూడా ఇలాంటి కాగితమొకటి సంతకాలకు తిరుగుతూ ఉంటే, రేటు దగ్గర బేరమాడే ముందు చెత్త దించే చోటు పేరు, సర్వే నంబరుతో సహా ఒప్పందంలో రాయించండి. రాయనంటే సంతకం పెట్టకండి.